సాక్షుల ఇల్లు

మా ఇంటికి రెండు వీధి తలుపులు. మా ఇల్లంటే మాది కాదు, కోర్టువాళ్లది. సాక్ష్యం చెప్పడానికి దూరాల నుంచి వచ్చేవాళ్లు తమ పని పూర్తయ్యేదాకా అందులో ఉంటారు. వాళ్లకు వండిపెట్టేదాన్ని, పక్కలు వేసేదాన్ని, తాళాలు పట్టుకుని తిరిగేదాన్ని నేను. వాళ్లను కోర్టుకు తీసుకెళ్లి తీసుకొచ్చే బండి మా ఆయన నడుపుతాడు. కింది వాటావాళ్లు ముందు తలుపు నుంచి రావాలి. మేడమీదవాళ్లు సందులో ఉన్న మెట్ల తలుపు నుంచి రావాలి. వంటింటి పక్కనుంచి మేడకు పోయే లోపలి తలుపు ఇంకొకటుంది. దానికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి నా నడుముకు వేలాడుతూ ఉంటుంది.

ఎందుకింత హంగామా అంటే, ఒకే కేసులో సాక్ష్యం చెప్పేవాళ్లు ముందుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఒకరు చూసింది ఇంకొకరి నోట్లోకి వెళ్లిపోతుందని కోర్టువాళ్ల భయం. ఆ భయంలో న్యాయం ఉంది, కాదనను. కాకపోతే కాగితాల్లో ఆ మనుషులకు పేర్లుండవు, గది నంబర్లే ఉంటాయి. మనిషిని నంబరు పెట్టి పిలిచే నోరు కాదు నాది. వచ్చినవాళ్లను వచ్చినట్టు ఏదో ఒక వరసలో పెట్టేస్తాను. ఈ విషయమై ఆఫీసువాళ్లు నన్ను సంజాయిషీ కూడా అడిగారు. అడిగితే అడిగారు, నా నోరు నాది.

ఆ వారం రాబోయే ఇద్దరి గురించి చెప్పడానికి లాయరమ్మ ముందే వచ్చింది. ప్రభుత్వం తరఫున కేసు నడిపే జట్టులో అందరికంటే చిన్నది. నా కూతురి వయసుంటుంది. ఎప్పుడొచ్చినా ఆకలితోనే వస్తుంది, నేరుగా వంటింట్లోకే వస్తుంది. నన్ను అత్తా అని పిలుస్తుంది.

"ఈసారి చాలా జాగ్రత్తగా ఉండాలత్తా."

"ఎప్పుడు లేను?"

"అది కాదు. కింద దిగే ఆవిడా, మేడమీద దిగే ఆయనా అక్కాతమ్ముళ్లు."

"అయితే మంచిదేగా. పని అయ్యాక కలిసి భోంచేస్తారు."

లాయరమ్మ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఒకరు బతికున్నట్టు ఇంకొకరికి తెలీదత్తా. ఇరవై ఏళ్లు దాటింది. ఆయన చచ్చిపోయాడని ఆవిడా, ఆవిడ చచ్చిపోయిందని ఆయనా అనుకుంటున్నారు."

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా పొయ్యి కట్టేసి విన్నాను.

వాళ్ల దేశంలో యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో ఒక ఇటుక బట్టీలో పనివాళ్లందరినీ గోడకు నిలబెట్టి కాల్చేశారు. కాల్చమన్నది ఒక కమాండరు. ఆ మాట అంటుండగా విన్నది, అన్నవాడి మొహం చూసిందీ అక్క ఒక్కతే. తమ్ముడు గోడ దగ్గర నిలబడ్డవాళ్లలో ఒకడు. కళ్లకు గుడ్డ కట్టారు కాబట్టి ఎవరు కాల్చమన్నారో చూడలేదు. గుండు తగిలి పడిపోయాడు, శవాల కింద నుంచి పాక్కుంటూ బయటపడ్డాడు. ఇంటికి చేరేసరికి ఇల్లు కాలి బూడిదై ఉంది. అందుకే ఇద్దరూ కావాలి. కాల్పులు జరిగాయని ఆయన చెప్పాలి, జరిపించింది ఎవరో ఆవిడ చెప్పాలి.

"మరి చెప్పేస్తే పోలా, మీవాడు బతికున్నాడమ్మా అని? మీకు పోయేదేముంది?"

"జడ్జిగారు రెండు పక్షాల మాటా విని ఆర్డరేశారు. ఆవిడ తను చూసింది చూసినట్టు చెప్పాలి. తమ్ముడు బతికున్నాడని ముందే తెలిస్తే ఆ చూపే మారిపోతుంది. ఇద్దరూ కలిశారంటే ఇక చెప్పనే అక్కర్లేదు. కూర్చుని కథ అల్లుకున్నారని అవతలి లాయరు అంటాడు. ఆవిడ మాట పోయిందంటే కేసు పోయినట్టే. ఇంక వేరే దారి లేదత్తా."

దారి లేదని ఊరికే అనలేదు. అన్ని దారులూ తిరిగి వచ్చారు పాపం. వాళ్ల దేశంలో యుద్ధం అయిపోగానే అందరికీ క్షమాభిక్ష అంటూ చట్టం చేసేశారు. చచ్చినవాళ్లను అడగకుండా క్షమించేశారన్నమాట. పెద్ద అంతర్జాతీయ కోర్టుకు వెళ్తే, మేము పుట్టకముందు జరిగిన నేరాలు మా లెక్కలోకి రావన్నారు. ఇంకో దేశంలో నష్టపరిహారం కోసం దావా వేశారు. తమ్ముడి సంగతి బయటపడింది అక్కడే. బాధ్యుడు ఆ కమాండరేనని ఆ జడ్జి రాశాడు కూడా. అయితే పరిహారం దావాలో జైలు ఉండదు. ఆ మనిషి కోర్టు మెట్లెక్కలేదు, తీర్పును పట్టించుకోలేదు. చివరికి మోకాలి ఆపరేషన్ కోసం ఈ దేశం వచ్చాడు. ఇక్కడి చట్టం ప్రకారం అలాంటి ఘోరం ప్రపంచంలో ఎక్కడ చేసినా సరే, మనిషి ఇక్కడ అడుగుపెడితే ఇక్కడే విచారించవచ్చు. ఆసుపత్రి గేటు దగ్గరే పట్టుకున్నారు. ఆ మోకాలికి దండం పెట్టాలి.

"ఇది కూడా పోతే?" అన్నాను.

"వాడు విమానం ఎక్కి ఇంటికెళ్లిపోతాడు. మళ్లీ దేశం దాటడు. అంతే."

అక్క ముందు వచ్చింది. సన్నగా, నిటారుగా, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చుని ఉంది. ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు గట్టిగా పట్టుకుంది. నాకంటే పదిహేనేళ్లయినా పెద్దది. పెద్దక్కా అని పిలిచాను. ఆ పిలుపుకు ఒకసారి తలెత్తి చూసి, సరే అన్నట్టు తలూపింది.

తమ్ముడిని మా ఆయన మర్నాడు సందు తలుపు నుంచి మేడమీదకు ఎక్కించాడు. తాపీ మేస్త్రి. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. వేళ్లు పగిలి, గోళ్ల చుట్టూ సున్నం ఇంకిపోయిన చేతులు. ఆ చేతులు చూడగానే వరస దొరికింది, మేస్త్రిగారూ అన్నాను. ఆయన నన్ను చెల్లెమ్మా అన్నాడు. మాటామంతీ బాగా కలిపే మనిషి. రెండోసారి వడ్డించమని అడగడానికి మొహమాటపడడు. అలాంటివాళ్లంటే నాకు ప్రాణం.

ఆ రోజు నుంచి నా బతుకు కింద ఒక కాలు, పైన ఒక కాలు అయింది. ఆవిడ భోజనమయ్యాక ఆయనకు, ఆయన స్నానమయ్యాక ఈవిడకు. ఈవిడ పెరట్లో ఉంటే ఆయన కిటికీ తెరవకూడదు. ఇదంతా నేను నవ్వుతూ, ఏమీ ఎరగనట్టు నడిపించాలి. మా ఆయన వేళాకోళం చేశాడు.

"ఇద్దరు కోడళ్లున్న అత్తగారిలా తిరుగుతున్నావు."

"నువ్వు బండి కడుక్కో పో," అన్నాను. నా కడుపులో మంట ఆయనకేం తెలుసు.

మంట ఎందుకంటే, పెద్దక్కకు మనసు నిలవడం లేదు. వచ్చిన రెండో రోజే సంచి సర్దుకుని కుర్చీలో కూర్చుంది.

"నేను వెళ్లిపోతానమ్మా. నా వల్ల కాదు. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటాడట కదా."

"కూర్చుంటే కూర్చోనీ పెద్దక్కా. ఆయనేం లేచి రాడుగా."

"నా తమ్ముడు బతికుంటే ఈ గడప తొక్కేదాన్నే కాదు. వాణ్ణి తీసుకుని ఎక్కడో ఒక మూల బతికేదాన్ని. వాడి కోసమనే ఇంత దూరం వచ్చాను. వాడికి ఇంకేం చెయ్యగలను? చెప్పు." ఆ మాట అనేటప్పుడు గొంతు పైకి లేవలేదు. అదే నన్ను చంపింది.

సరిగ్గా మా తలలపైన మేస్త్రిగారు కుర్చీ జరుపుకుంటున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే, 'నీ తమ్ముడు నీ నెత్తిమీదే ఉన్నాడమ్మా తల్లీ' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే ఆ ఏడుపు ఆగిపోతుంది. ఆ ఒక్క మాటతోనే బట్టీలో పోయినవాళ్లందరి కేసూ ఆగిపోతుంది. నీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, చట్టాన్నీ జడ్జినీ ఆ కమాండరునూ వరసపెట్టి తిట్టాను. తిట్టాక కాస్త నెమ్మదించింది. నీళ్లు పట్టుకెళ్లి, "రేపటిదాకా ఉండు పెద్దక్కా, రేపు చూద్దాం," అన్నాను. ప్రతిరోజూ అదే మాట చెప్పి నిలబెట్టాను.

ఇక నేను చేసిన నిర్వాకం.

పెరట్లో బట్టలారేసే చోట గోడ చెమ్మ పట్టి పెచ్చులు రాలుతోంది. బాగు చేయించమని ఆఫీసుకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. మేస్త్రిగారు పై కిటికీ నుంచి ఆ గోడను చూస్తూ కూర్చునేవాడు. పనిలేకుండా కూర్చుంటే ఆయనకు పిచ్చెక్కుతోంది, నాకు తెలుస్తూనే ఉంది.

"చెల్లెమ్మా, ఒక సంచి సిమెంటు, కాస్త ఇసుక తెప్పించు. ఆ గోడను అలా చూస్తుంటే నాకు అన్నం దిగట్లేదు."

రెండు కంచాల అన్నం దిగుతున్న మనిషి ఆ మాట అంటే నవ్వొచ్చింది. పెద్దక్క కోర్టువాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన పూట చూసి, మా ఆయన చేత సామాను తెప్పించాను. ఆయనకు కాలక్షేపం, నాకు గోడ బాగవుతుంది, ఎవరికి నష్టం అనుకున్నాను. ఆ పూట ఆయన్ని చూడాలి. కాలు ఈడుస్తున్న మనిషి కాదు, వేరే మనిషి. పూత పూసి, చివర్లో తడి గోనెపట్టా చేతికి చుట్టుకుని, గోడ పొడవునా అరచేయంత అరచేయంత గుండ్రంగా తిప్పుతూ తుడిచాడు. నెలవంకలు పరిచినట్టు వచ్చింది. చూడముచ్చటగా ఉంది.

మర్నాడు పెద్దక్క తడి బట్టలు పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. ఎంతకీ రాలేదు. వెళ్లి చూద్దును కదా, బట్టల బకెట్టు కింద పెట్టి, గోడమీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఈ పూత ఎవరు పూశారు?"

నేను బకెట్టు అందుకున్నాను. "ఆఫీసువాళ్లు ఎవరినో పంపారు పెద్దక్కా. నేను చూడలేదు."

"మా నాన్న ఇలాగే తుడిచేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరూ ఇలాగే తుడుస్తారు. మా తమ్ముడు కూడా." ఆ నెలవంకల మీద వేలితో ఒకసారి తడిమింది. "మావైపు నుంచి వచ్చి బతుకుతున్నవాడెవడో అయ్యుంటాడు. ఎక్కడివాళ్లం ఎక్కడ తేలామో చూడు."

ఆవిడ తనకు తానే సమాధానం చెప్పుకుని బట్టలారేసుకుంది. నేను మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. జరిగింది మా ఆయనకు చెబితే, "నీ నోటికి తాళం వేశారు గానీ నీ చేతులకు వేయడం మరిచారు," అన్నాడు. దెప్పడానికి అన్నా ఆ మాట నిజమే.

లాయరమ్మకు ఫోను చేసి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "ఇది జడ్జిగారికీ, అవతలి లాయరుకూ చెప్పాలత్తా," అంది.

"చెప్పకపోతే ఏం? ఆవిడకేం తెలియలేదుగా."

"దాచితే అది ఇంకా పెద్ద తప్పవుతుంది. మనమే దాచితే వాడికీ మనకూ తేడా ఏముంది?"

తేడా లేకపోవడమేమిటి, భూమ్యాకాశాలంత తేడా ఉంది. కానీ ఆ పిల్ల నా మాట వినే రకం కాదు. చెప్పేసింది. మా గోడ కథ మొత్తం అవతలి పక్షం చేతికి అందింది.

పెద్దక్క సాక్ష్యం రోజు వచ్చింది. తోడుగా ఇంటి మనిషి వెనక కుర్చీలో కూర్చోవచ్చు. నన్నే రమ్మంది. లోపల పెద్ద హాలు, నేలంతా తివాచీ, మాట వినపడేది తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఎత్తుగా జడ్జిగారు, నెరిసిన జుట్టు ఆడమనిషి. ఒక పక్క ఆ కమాండరు కూర్చున్నాడు. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. బూడిదరంగు స్వెట్టరు వేసుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఎవరి తాతగారో బస్సు కోసం చూస్తున్నట్టు ఉన్నాడు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

లాయరమ్మ వాళ్ల పెద్ద లాయరు అడుగుతుంటే పెద్దక్క నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. తమ్ముడికి అన్నం క్యారేజీ పట్టుకుని బట్టీకి వెళ్లింది. సైనికుల బళ్లు చూసి పచ్చి ఇటుకల దొంతర వెనక దాక్కుంది. ఆ మనిషి నీళ్లడిగాడు. ఎవరో గ్లాసు తెచ్చిచ్చారు. తాగి, గ్లాసు తిరిగిచ్చి, 'చీకటి పడేలోపు బట్టీ ఖాళీ అయిపోవాలి,' అన్నాడు. అరవలేదు. పని అయిపోవాలని చెప్పే మేనేజరులా చెప్పాడు. తర్వాత గోడ దగ్గర వరసగా నిలబెట్టారు.

"ఆ మాట అన్న మనిషి ఇక్కడున్నాడా అమ్మా?"

ఆవిడ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి అటు తిరిగింది. "ఆయనే. అప్పుడు మీసం ఉండేది."

భోజనాల తర్వాత అవతలి లాయరు లేచాడు. బంగారు ఫ్రేము కళ్లజోడు, మెత్తటి గొంతు, ప్రతి మాటకూ ముందు అమ్మా అంటాడు. అలాంటివాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి.

"అమ్మా, మీ తమ్ముడు చనిపోయాడని చెప్పారు."

"పడిపోయాడు. లేవలేదు. ఆ తర్వాత రాలేదు. ఇన్నేళ్లూ రాలేదు. దాన్ని మీరేమంటారు బాబూ?"

"అమ్మా, మీరుంటున్న ఇంటి పెరట్లో గోడకు కొత్తగా పూత పూశారు. చూశారా?"

"చూశాను."

"ఎవరి చేతి పనో గుర్తుపట్టారు కదా?"

"మా నాన్న దగ్గర పని నేర్చినవాడు ఎవడో అనుకున్నాను."

"అనుకోవడం కాదమ్మా. మీకు తెలుసు. ఆ గోడ పూసింది మీ తమ్ముడు. ఆయన బతికే ఉన్నాడు. మీరున్న ఇంట్లోనే, మేడమీద ఉన్నాడు. అక్కాతమ్ముళ్లు ఒకే కప్పు కింద కూర్చుని ఈ కథ అల్లారు. అవునా కాదా?"

పెద్దక్క ఆ లాయరు వైపు చూడలేదు. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అంతకంటే ఏం చెయ్యగలను? మళ్లీ ముందుకు తిరిగింది.

"ఇంకోసారి చెప్పండి బాబూ."

"ఏది?"

"మావాడి సంగతి."

ఆయన జడ్జిగారి వైపు చూశాడు. జడ్జిగారు చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది. "మీ తమ్ముడు బతికే ఉన్నాడు," అన్నాడు, ఈసారి మెత్తదనం లేకుండా.

పెద్దక్క రెండు చేతులూ ఎత్తి ఆయనకు దండం పెట్టింది. "మీ నోట్లో చక్కెర పొయ్య. ఇంత చల్లటి మాట నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు."

జడ్జిగారు రాస్తున్న పెన్ను ఆపేసింది. ఈ ముసలావిడకు ముందే తెలుసో లేదో ఇంక ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ఆ దండం చూసినవాళ్లందరికీ అర్థమైంది. కళ్లజోడాయన మాత్రం పట్టు వదల్లేదు.

"అంటే మీరు చెప్పింది తప్పని తేలింది కదమ్మా. చచ్చాడన్న మనిషి బతికున్నాడు. మిగతాది నిజమని ఎలా నమ్మాలి?"

"పడ్డం చూశాను, పడ్డాడన్నాను. మళ్లీ లేవడం చూడ్డానికి మీ కమాండరు నన్నక్కడ నిలబడనిచ్చాడా బాబూ?"

అప్పటికి కోర్టు వేళ అయిపోయింది. మిగిలిన ప్రశ్నలు రేపన్నారు. జడ్జిగారు కుర్చీలో ముందుకు వంగి ఆవిడతోనే మాట్లాడింది. మీ సాక్ష్యం పూర్తి కాలేదు, మీ తమ్ముడిది మొదలే కాలేదు, ఆ రెండూ అయ్యేదాకా కలవకూడదు, మాట్లాడకూడదు, కబురు పంపకూడదు అంది. భద్రంగా ఉంచడానికి వేరే ఇల్లు లేదని లాయరమ్మవాళ్లు చెప్పారు. "మాటిస్తారా అమ్మా?" అని అడిగింది జడ్జిగారు. "ఇచ్చాను," అంది పెద్దక్క. నన్నూ లేచి నిలబడి మాటిమ్మన్నారు. ఇచ్చాను. ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

బండిలో వస్తున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నా భయం నాది. తమ్ముడి కోసమే వచ్చానంది. తమ్ముడు దొరికాడు. ఇంక ఆ కోర్టుతో ఆవిడకేం పని? తాళం బద్దలుకొట్టి పైకి వెళ్లినా, తమ్ముడి చెయ్యి పట్టుకుని రైలెక్కినా, నేను మాత్రం తప్పు పట్టను.

ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. టీ పెట్టిచ్చాను, ముట్టలేదు. పైన అడుగుల చప్పుడు మొదలైంది. కిటికీ దాకా వెళ్లడం, తిరిగి రావడం. ఆవిడ తలెత్తి పైకప్పును చూస్తూ ఉండిపోయింది. ఆ చప్పుడు ఎటు పోతే కళ్లు అటు పోతున్నాయి.

"ఎడమకాలు ఈడుస్తున్నాడు," అంది.

నేను పొయ్యి వైపు తిరిగి గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

"చెప్పకులే. నువ్వు మాటిచ్చావు. వినొద్దని నాకెవరూ చెప్పలేదుగా." కాసేపు విని, మళ్లీ అంది. "అన్నం సరిగ్గా తింటున్నాడా? అదైనా చెప్పకూడదా?"

ఆ ఒక్కటి చెబితే ఏ కేసూ మునగదనిపించింది. మునిగినా సరే అనిపించింది. "రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంటాడు," అన్నాను. ఆవిడ మొహం పసిపిల్ల మొహంలా విప్పారింది.

అంతే, నాకింక ఆగలేదు. నడుముకున్న తాళంచెవి తీసి ఆవిడ ముందు బల్లమీద పెట్టాను.

"వెళ్లు పెద్దక్కా. ఒక్కసారి చూసి వచ్చేయ్. మాట్లాడొద్దు, చూడు చాలు. నేను వీధిలోకి పోతాను. నాకేం తెలీదు. చట్టం లేదు, గిట్టం లేదు. ఇన్నేళ్ల తర్వాత ఇదేం శిక్ష నీకు? తప్పు చేసినవాడు హాయిగా కర్ర ఆనించుకుని కూర్చున్నాడు."

ఆవిడ తాళంచెవిని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు పట్టుకుంది. పైన అడుగుల చప్పుడు ఆగింది, మంచం కిర్రుమంది. పడుకున్నట్టున్నాడు.

"వాడి పక్కన నిలబడ్డవాళ్లందరూ నాకు తెలుసు," అంది. "వాళ్లందరి క్యారేజీలు ఆ రోజు ఒకే చెట్టు కింద ఉన్నాయి. వాళ్లకీ అక్కలున్నారు, చెల్లెళ్లున్నారు. ఇవాళ వాళ్లకి మేడమీద ఎవరున్నారు చెప్పు?"

నేను టీ గ్లాసు ఆవిడ వైపు కాస్త జరిపాను.

"నేను వాడి కోసమే వచ్చాననుకున్నాను. వాడికి నా అవసరం లేదు, అడిగి మరీ తింటున్నాడు. వాళ్లకే నేను తప్ప ఎవరూ లేరు." తాళంచెవిని నా చేతిలో పెట్టి నా వేళ్లు మూసింది. "దీన్ని దాచు. నా కళ్లకు కనపడనివ్వకు. నేనేం రాయిని కాదు."

కుర్చీ గోడకు జరుపుకుని, పైకప్పు వైపు చూస్తూ చల్లారిన టీ తాగింది.

మర్నాడు పొద్దున్న కళ్లజోడాయన ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా ఆవిడ మాట ఇసుమంత కదల్లేదు. మధ్యాహ్నం మేస్త్రిగారిని ఇంకో తలుపు నుంచి లోపలికి తీసుకెళ్లారు. తీర్పు మరో ఏడాదికి వచ్చింది. జీవితఖైదు. కమాండరు కర్ర పట్టుకుని నిలబడి విన్నాడట. నేను పనిలో ఉండి వెళ్లలేకపోయాను. విని, ఆ రోజు మాత్రం ఎవరినీ తిట్టలేదు.

నేను చెప్పదలచుకున్నది ఆ మధ్యాహ్నం సంగతి. నడవాలో బెంచీమీద పెద్దక్కా నేనూ కూర్చున్నాం. ఆవిడ జుట్టు మళ్లీ దువ్వుకుంది. చేతిసంచి నాకిచ్చేసింది. కోర్టు పనివాళ్లు అటూ ఇటూ పోతున్నారు. తలుపు తెరుచుకుని ముందు లాయరమ్మ వచ్చింది. మా వైపు చూసి, ఇంక ఏ ఆర్డరూ లేదన్నట్టు తలూపింది. పాపం పిల్ల, ఏడుపు ఆపుకోలేక అక్కడే గోడకు తిరిగి నిలబడింది. కళ్లజోడాయనకు నిన్న ఒకసారి చెయ్యి కాలింది కాబట్టి ఇవాళ మేస్త్రిగారిని అక్క గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. అంటే ఆయనకు ఇంకా ఏమీ తెలియదు.

మేస్త్రిగారు బయటికొచ్చాడు. నన్ను చూసి గబగబా వచ్చాడు. "చెల్లెమ్మా, బండి వచ్చిందా? తల పగిలిపోతోంది." పక్కనున్న ముసలావిడను చూడనైనా చూడలేదు.

నేను చేతిసంచి గట్టిగా పట్టుకుని పెద్దక్క వైపు చూశాను.

"ఒరే బుడ్డోడా," అంది పెద్దక్క.

అరవయ్యేళ్ల మనిషి ఉన్నచోటే ఆగిపోయాడు. తల తిప్పలేదు. ఒక చెయ్యి చాపి బెంచీ వీపు పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా తిరిగి ఆవిడ మొహం చూశాడు, కాళ్లు చూశాడు, మళ్లీ మొహం చూశాడు.

"ఇంట్లో కాలిపోయావని..." కోర్టు హాలు తలుపు వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడే లోపల ప్రమాణం చేసి చెప్పొచ్చానే అక్కా, నువ్వు ఇంట్లో కాలిపోయావని."

"నేను నిన్ననే నిన్ను బట్టీలో చంపేసి వచ్చాన్లే," అంది పెద్దక్క, బెంచీమీద పక్కకు జరిగి చోటిస్తూ. "కూర్చో ముందు."